పడుగుకు రాని వీధి

తెల్లవారకముందే లేచి సుబ్బాయమ్మ గంజి కాచింది. పెడన నేతగాళ్ల వీధిలో పడుగుకి గంజి పట్టడం ఒక్క ఇంటి పని కాదు. నూలు పోగుల్ని వీధి పొడుగునా చాపి, ఎండ ముదరకముందే గంజితో తడిపి కుంచెలతో దువ్వాలి. ఇవాళ మీ ఇంటికి మేము, రేపు మా ఇంటికి మీరు. పిలుపులేం ఉండవు. వీధిలో పడుగు కనిపిస్తే చాలు, పళ్లు తోముకుంటున్నవాడు కూడా వేపపుల్ల పారేసి వచ్చేస్తాడు.

ఆ రోజు ఒక్కడూ రాలేదు. మగాళ్లంతా ఎదురింటి అరుగు మీద కూచుని, సినిమా చూస్తున్నట్టు చుట్టలు కాలుస్తూ చూస్తున్నారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె కొడుకు సూరయ్య మగ్గమెక్కబోతున్నది ఈ పడుగుతోనే. చేనేత సంఘంవాళ్లని బతిమాలి తెచ్చుకున్న నూలు అది. పాడైతే మళ్లీ ఇవ్వరు.

సుబ్బాయమ్మకి కడుపు రగిలిపోయింది. ఆ మంట అరుగు మీదవాళ్ల మీదికి పోవాలా? పోలేదు. కోడలి మీదికి పోయింది.

"చూశావుటే మాణిక్యం! సొంత అన్న కూతురివని కళ్లకద్దుకుని తెచ్చుకుంటే ఇదా నువ్వు చేసింది? ఆ చర్చికి వెళ్లొద్దు, వెళ్లొద్దని ఎంత మొత్తుకున్నాను!"

"చర్చికి వెళ్లకముందు మాత్రం ఎవరొచ్చారత్తా? బావకి క్షయ అని తెలిసిన రోజే అందరూ ముఖం చాటేశారు. బందరు ఆసుపత్రిలో నెత్తురు కక్కుతుంటే ఒళ్లో పట్టుకుంది ఆ నర్సమ్మ. మనవాళ్లెవరూ కాదు."

ఆ నర్సమ్మ వెంట ప్రార్థనకి వెళ్లారు మొగుడూ పెళ్లాం. మొన్న వేసవిలో కాలవలో మునిగి బాప్తిస్మం కూడా పుచ్చుకున్నారు. సూరయ్యకి ఒకటే ఆశ, నయమైపోతుందని. పోయిన వారం డాక్టరు ఎక్స్‌రే చూసి, జబ్బు రెండో ఊపిరితిత్తికీ పాకిందన్నాడు. ఆ రోజు నుంచి సూరయ్య ప్రార్థనకి కూచోలేదు, పెళ్లాంతో సరిగా మాట్లాడనూ లేదు.

వీధి పెద్ద పెద్దిరాజు అరుగు దిగి వచ్చాడు. "సూరయ్యా, అందరూ వినేట్టు ఒక్క మాట చెప్పరా. నాకు ఆ దేవుడు వద్దు అను. ఈ క్షణమే కుంచెలు పట్టుకుంటాం."

మాణిక్యం మొగుడి వైపు చూసింది. సూరయ్య తలెత్తలేదు.

"నాకు ఆ దేవుడితో పనిలేదు" అన్నాడు. "నయం చేస్తాడని వెళ్లాను. చెయ్యలేదు."

మాణిక్యానికి చెంప ఛెళ్లుమన్నట్టయింది. "కాలవలో మునిగిన రోజు నా పక్కన నించుని ఏడ్చావే! అదంతా అబద్ధమా బావా?"

"అది బేరమే. కుదర్లేదు."

ఛీ, ఏం మాటది! వీధి మాత్రం సంబరపడింది. కుంచెలు దిగాయి. మొదటి కుంచె ఇంటి మగవాడే వెయ్యాలి. అది ఆనవాయితీ. సూరయ్య ముందుకొచ్చాడు. పెద్దిరాజు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు ముట్టుకోకురా. పోయి అరుగు మీద కూచో. మా ఇళ్లల్లో పసిపిల్లలున్నారు. నీ పెళ్లాన్ని కూడా లోపలికి పొమ్మను."

"మీరు చెప్పమన్న మాట చెప్పాను కదా మావయ్యా!"

"చెప్పావు, సంతోషం. జబ్బు సంగతి వేరు కదరా."

సుబ్బాయమ్మ వచ్చి పెద్దిరాజు చేతిలో కుంచె లాగేసుకుంది.

"వెళ్లండయ్యా! నా కొడుకు నోటితో అంత మాట అనిపించి, ముట్టుకోవద్దంటావా? వాడు ఏ దేవుడికి మొక్కితే మీకేం? వాడు దగ్గుతున్నాడనే కదూ మీ ఏడుపంతా!"

వచ్చినవాళ్లు వచ్చినట్టే అరుగు మీదికి వెళ్లిపోయారు. పడుగు దగ్గర ముగ్గురే మిగిలారు. గంజి చల్లారింది, ఎండ ముదిరింది. ఎంత దువ్వినా పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతూనే ఉన్నాయి. సగం పడుగు పాడైంది.

తెగిన పోగులు ముడివేస్తున్న మాణిక్యం పక్కన సూరయ్య చతికిలపడ్డాడు.

"వాళ్లు నాతో బేరం పెట్టారు. నేను ఆయనతో పెట్టింది కూడా అదేనే. మళ్లీ ఆ గుమ్మం తొక్కనిస్తాడంటావా?"

"ఆయన సంగతి నాకేం తెలుసు? నేనైతే తొక్కనివ్వను." మాణిక్యం కళ్లనీళ్లు నూలు మీద పడుతున్నాయి. "నీ జబ్బు నయమవదని నాకు అప్పుడే తెలుసు బావా. డాక్టరు నాతో ముందే చెప్పాడు."

"తెలిసీ మునిగావా?"

"నువ్వు పోయాక నేను ఎవరితో మాట్లాడాలి?"

సూరయ్య భోరుమన్నాడు. పెద్దిరాజు చూస్తున్నాడనీ, వీధి చూస్తోందనీ చూసుకోలేదు. పెళ్లాం చెయ్యి రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. గుమ్మంలో నించున్న సుబ్బాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ప్రభువా, నన్ను బాగుచెయ్యకపోయినా ఫరవాలేదు" అన్నాడు. "నేను పోయాక దీంతో మాట్లాడుతూ ఉండు."