పొమ్మని వద్దనే షెడ్డు

చీకటి పడ్డాక మా మోంటానా లోయలో హాల్వర్ నెస్‌వోల్డ్ షెడ్డు ముందునుంచి ఎవరూ నడవరు. హాల్వర్ నలభై ఏళ్ళు అందులో తుపాకులు చేశాడు. పోయినా పని మానలేదని అందరూ అంటారు. లోపల ఇనుము కీచుమంటుందట... ఎవరో గొణుగుతారట.

ఇది నాకు చెప్పింది అతని కొడుకు వెర్లిన్. మంగళవారమో, బుధవారమో... రోజు మరిచాను గాని మాటలు మరవలేదు. అవీ జారిపోకముందే రాసేస్తున్నాను.

హాల్వర్ పోయాక కూతురు ఆర్డిస్ ఆ పని నేర్చుకుంటానని పట్టుబట్టింది. ముప్పై ఏళ్ళు బడి వంటశాలలో గరిటె తిప్పిన మనిషి. తండ్రి బతికుండగా ఆమెను ఉక్కు తొలిచే లేత్ మిషన్ దగ్గరికే రానివ్వలేదు. వెర్లిన్‌కేమో మిషన్ అమ్మేయాలని. చివరికి ఒప్పందం కుదిరింది. మిగిలిన ఒక్క రైఫిల్ బారెల్‌లో తూటా కూర్చునే గదిని ఆర్డిస్ సరిగ్గా తొలిస్తే మిషన్ ఆమెది. వెంట్రుకవాసి ఎక్కువ తొలిచిందా, శనివారం బేరగాడు పట్టుకుపోతాడు.

శుక్రవారం రాత్రి వెర్లిన్ ఫోన్ చేస్తే ఆర్డిస్ ఎత్తలేదు. ఎంత చెడగొట్టిందో ఒంటరిగా చూసొద్దామని మోకాలిలోతు మంచులో షెడ్డుకి వెళ్ళాడు.

లోపల కీచుమని చప్పుడు... ఆగింది.

సన్నని గొంతు — "గో..."

పొమ్మంటోంది! వెర్లిన్ వెనక్కి తిరిగాడు. ఒక్క అడుగు వేశాడో లేదో —

బొంగురు గొంతు — "నో గో..."

వద్దంటోంది! ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"గో..." కాలు దించాడు.

"నో గో..." మళ్ళీ ఎత్తాడు.

బతికుండగా నాన్న మాట ఏనాడూ వినలేదు, ఇప్పుడైనా విందామనుకున్నాడట. కాని ఏ మాట వినాలి?

చివరికి బోర్లా పడ్డాడు. తలుపు తెరుచుకుంది... నూనె చేతులతో ఆర్డిస్!

"ఏరా తమ్ముడూ, మంచులో ఈత కొడుతున్నావా?"

"అక్కా... లోపల నాన్న... పొమ్మంటాడు, వద్దంటాడు..."

ఆర్డిస్ పడీపడీ నవ్వింది. వేలెడంత ఉక్కు ముక్క చూపించింది. "ఇది గో గేజీరా, మొద్దూ. లోతు కొలిచేది. బారెల్లో పెట్టి బోల్టు, అదే తుపాకి వెనక గడియ, వేస్తే మూసుకోవాలి. మూసుకోకపోతే బతిమాలుతున్నాను, గో, గో అని. ఇప్పుడే మూసుకుంది!"

వెర్లిన్‌కు ప్రాణం లేచొచ్చింది.

"అయినా నీకీ పని తెలీదనుకున్నానురా. నేను తొందరపడి లోతుగా కోయబోయినప్పుడల్లా బయటినుంచి నో గో, నో గో అని ఆపావు చూడు, నీ మూలానే దక్కింది."

"నేనా?... నేను నోరే విప్పలేదక్కా."

ఇద్దరూ ఒక్క దూకున లోపలికి దూరి తలుపు గడియ వేశారు.

మర్నాడు పక్క ఊరి తుపాకుల మేస్త్రీ తన నో గో గేజీ తెచ్చి పెట్టి చూశాడు. దానిమీద బోల్టు మూసుకుందంటే లోతు ఎక్కువైనట్టే, మూసుకోకూడదు. మూసుకోలేదు. బేరగాడు ఉత్త చేతులతో తిరిగిపోయాడు.

"మన నో గో గేజీ ఏమైందో, ఎంత వెతికినా దొరకలేదురా," అంది ఆర్డిస్.

వెర్లిన్ గొంతు తగ్గించాడు. "శవపేటిక మూసేముందు... తోడుంటుందని, నాన్న కోటు జేబులో చేతికందిన ఉక్కు ముక్క ఒకటి పెట్టానక్కా. దానిమీద 'నో' అనో ఏదో రాసుంది."

ఆర్డిస్ తల పట్టుకుంది.

"ఓరి నీ తెలివి తెల్లారా! అది జేబులో పెట్టి పంపితే... ఆయనెలా పోతాడురా?"