కదలని గుర్రం

కొండమ్మ గిన్నెలు తోముతుండగా పెరట్లోకి చిరుతపులి వచ్చింది.

ఆమె చెవి వెనక నిబ్బరబిళ్ళ టిక్కుమంది. తల ఎత్తి చూసింది. సత్తుగిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, చీపురు అందుకుంది. బిళ్ళ మళ్ళీ టిక్కుమంది. దూరం జరగమని దాని అర్థం. ఆమె కాస్త వెనక్కి జరిగి చీపురు తిరగేసి గోడ మీద కొట్టింది. చిరుత బెదరలేదు. ఎక్కడో చూసిన ముఖాన్ని పోల్చుకుంటున్నట్టు ఆమెను చాలాసేపు చూసి, తీరిగ్గా కాఫీ తోటలోకి దిగిపోయింది.

"ఎల్లిపోనాదా?" లోపలినుంచి అడిగాడు ఆమె భర్త బలరాం, అంబలి తాగుతూ.

"పోనాది."

"పెద్దదా, పిల్లా?"

"నీ అంతుంటది."

"అయితే అంబలితో సరిపోదు దానికి," అని అతను నవ్వాడు.

ఈ కొండల మీదే కాదు, ఎక్కడా ఎవరూ ఇప్పుడు భయపడటం లేదు. బడిలో వేసేముందు ప్రతి బిడ్డకూ చెవి వెనక ఎముకలో చింతగింజంత బిళ్ళ అమరుస్తారు. మెదడులో భయం పుడుతుంది గానీ, ఆ కబురు ఒంటికి చేరకుండా బిళ్ళ దారిలోనే ఆపేస్తుంది. గుండె దడదడలాడదు, నోరు ఎండదు, చెయ్యి వణకదు. జాగ్రత్త మాత్రం మిగిల్చారు. ప్రమాదం ఉన్నచోట బిళ్ళ టిక్కుమంటుంది, మనిషి పక్కకు తప్పుకుంటాడు. సాక్షులు కోర్టుల్లో తడబడటం మానేశారు. కత్తి పడేముందు రోగులు డాక్టరుతో కబుర్లు చెబుతున్నారు. శవం లేచిన ఇంట్లో ఆ పూటే దీపాలార్పి హాయిగా నిద్రపోతున్నారు. ఇంత మేలు చేసిన వస్తువు మరొకటి లేదని అందరూ అంటారు. కొండమ్మ కూడా అనేది.

గిన్నెలు బోర్లించి ఆమె కళ్ళెం తీసుకుని దొడ్డి వైపు నడిచింది.

ఒకప్పుడు ఈ మన్యంలో సంతకు సరుకు మోసినవి పొట్టి గుర్రాలే. గాలిబండ్లు వచ్చి ఉప్పూ బియ్యం ఆకాశం నుంచే దించటం మొదలయ్యాక, వాటిని పైన మెట్ట మీద వదిలేశారు. అక్కడ అవి అడవి గుర్రాలయ్యాయి. మనిషి చెయ్యి ఎరగని తరాలు పుట్టాయి. ఆ తరవాత తెలిసింది, వానాకాలం ఈదురుగాలుల్లో గాలిబండ్లు నిలవలేవని. కొండచరియలు విరిగి దారులు తెగిపోయే ఆ నెలల్లో, పై ఊళ్ళకు మందులు చేరాలంటే మళ్ళీ గుర్రమే దిక్కయింది. కొండమ్మా బలరామూ వాటిని పట్టి తెచ్చి, మచ్చిక చేసి ఆసుపత్రికి ఇస్తారు.

రాతిగోడ కట్టిన గుండ్రటి దొడ్డిలో కొత్తగా తెచ్చిన బూడిదరంగు ఆడగుర్రమూ దాని పిల్లా నిలబడి ఉన్నాయి. చిరుత వాసన ఇంకా పోలేదు కాబోలు, రెండూ బిగుసుకుపోయి ఉన్నాయి. కొండమ్మ తిన్నగా నడిచి వెళ్ళి కళ్ళెం తొడిగింది. గోనెపట్టా వీపున వేసి, దాని మీద ఇసక మూటలు కట్టింది. గుర్రం కదలలేదు. ఈగ వాలినా చర్మం అదరలేదు.

బలరాం వచ్చి గోడ మీద మోచేతులు ఆనించాడు. "అయిపోనట్టే. ఒక్క పూటలో! మీ అయ్యకి నెల పట్టీది."

"మా అయ్యకి బిళ్ళ లేదు మరి."

"అదే అంటన్నాను. గుర్రానికి వణికీవోడు గుర్రానికేటి నేర్పుతాడు?"

ఆమె తండ్రి నిజంగానే వణికేవాడు. ఆయన పని చూస్తే చిన్నప్పుడు ఆమెకు విసుగు. దొడ్డిలోకి వెళ్ళి, గుర్రానికి వీపు పెట్టి, నేల చూస్తూ నిలబడేవాడు. ఎండ మీదికొచ్చేదాకా అంతే. ఎప్పటికో గుర్రం దానంతట అది వచ్చి ఆయన భుజం దగ్గర ముట్టె పెట్టేది. అప్పుడైనా ఆయన చెయ్యెత్తేవాడు కాదు. గోడ మీద కూర్చున్న కూతుర్ని గుసగుసగా అడిగేవాడు: "నమిలిందా?" నోట్లో గడ్డిపోచ లేకపోయినా గుర్రం దవడలు ఆడించి, పెదవి తడుపుకుంటుంది. బిగబట్టిన ప్రాణం సడలిందనడానికి అదే గుర్తు. నమిలిందని ఆమె చెబితేనే ఆ రోజుకి పని అయినట్టు.

బిళ్ళలు వచ్చాక ఏ గుర్రమూ నమలలేదు. అన్నీ ఇలాగే నిలబడేవి. నిలబడటమే మచ్చిక అనుకున్నారు. సులువు కూడా. అప్పుడప్పుడు ఏ గుర్రమైనా మూటలతో సహా లోయలోకి దూకేసేది. దారి జారుడుగా ఉందని అనుకునేవారు.

ఇంతలో కాలిబాట మలుపులోంచి కేక వినిపించింది.

"ఓలమ్మీ! ముందు ఆ కప్పని తోలే! నానడుగెయ్యనేను!"

కొండమ్మ నెలల పాపను చంకనేసుకుని, ఆమె మేనత్త దేముడమ్మ బాట మీద నిలిచిపోయి ఉంది. బిళ్ళలు వచ్చాక పెద్దలు కూడా పెట్టించుకున్నా, చిన్నతనంలో చెవిలో చీము పట్టి ఎముక పాడవటంతో ఆమెకు మాత్రం అమర్చలేదు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో భయపడే మనిషి ఆమె ఒక్కతే. ఉరుముకి భయం, బల్లికి భయం, బలరాం తుమ్మితే భయం. పిల్లలు ఆమె భయపడటం చూడ్డానికి వచ్చేవాళ్ళు.

"కప్పే కదత్తా," అంది కొండమ్మ.

"కప్పే! నా మీదికి గెంతితే?"

"గెంతితే పెళ్ళాడమంటాది," అన్నాడు బలరాం. "ఒప్పీసుకో. ఇంకెవడొస్తాడు?"

"నీ నోట్లో మన్నుపడ! సూడు, ఎలాగేడుస్తందో గుంట. కునుకు తీసి లేచింది, ఒకటే రాగం."

పాప నిజంగానే గుక్కపట్టి ఏడుస్తోంది. ముసలామె పైట పిడికిట్లో బిగించి, ఆమె మెడలో ముఖం దాచుకుని ఏడుస్తోంది. దేముడమ్మ దొడ్డి గేటు దాకా వచ్చింది. గుర్రాన్ని చూడలేక గిరుక్కున అటు తిరిగి, వీపు గేటుకు పెట్టి నిలబడింది. "దాన్ని అటు తోలే. దాని కళ్ళు సూస్తే నాకు కాళ్ళాడవు."

అప్పుడు కొండమ్మ చూసింది. బూడిదరంగు గుర్రం చెవి ఒకటి ముసలామె వైపు తిరిగింది. మెడ కాస్త వంగింది. దవడ మెల్లగా, ఒకసారి, మరొకసారి ఆడింది. నాలుక పెదవి మీద తిరిగింది.

నమిలింది.

ఎన్నేళ్ళయిందో ఆ చప్పుడు విని. ఆమె మూటల తాడు వదిలేసి ఒక అడుగు ముందుకు వేసింది. దవడ ఆగిపోయింది. పిల్లగుర్రం నాలుగు కాళ్ళూ నేలలో పాతినట్టు నిలబెట్టి, ముక్కుపుటాలు విప్పి, ఆమెను కాకుండా ఆమె పక్కనున్న గాలిని చూస్తూ ఊపిరి బిగబట్టింది. ఇందాక చిరుత గోడ దాటినప్పుడు కూడా అలాగే నిలబడి ఉంటుంది.

"పట్టుకోవే దీన్ని, చెయ్యి లాగేస్తంది," అని దేముడమ్మ పాపను గేటు మీంచి అందించింది.

తల్లి చేతులు తగలగానే పాప ఏడుపు ఆగిపోయింది.

"సూసినావా!" అన్నాడు బలరాం ముచ్చటగా. "అమ్మ సెయ్యి పడగానే!"

ఎప్పుడూ అంతే. ఆసుపత్రిలో కూడా ఆ మాటే అన్నారు. ఈ మధ్య పుట్టే పిల్లలు తల్లిదండ్రుల దగ్గర అసలు ఏడవటం లేదని, వాళ్ళకు నిబ్బర శిశువులని పేరు పెట్టామని, ఇది మంచి గుణమని చెప్పారు. కొండమ్మ ఆ మాట ఊరంతా చెప్పుకుంది.

ఇప్పుడు ఆమె పాప ముఖంలోకి చూసింది. పాప ఆమె ముఖం చూడటం లేదు. చెంప పక్కగా, ఏమీ లేని చోట చూపు నిలిపింది. వేళ్ళు విచ్చుకుని అలాగే ఉండిపోయాయి. చిన్న పొట్ట ఎగరటం లేదు.

కొండమ్మకు అర్థమైంది. నిప్పు అంటే ఏమిటో పుస్తకంలో చదివినట్టు అర్థమైంది. వేటాడే జంతువుకే చెయ్యి వణకదు. వేటాడే జంతువే తిన్నగా నడిచి వస్తుంది, తిన్నగా కళ్ళలోకి చూస్తుంది. వణికే ప్రాణికీ దానికీ తేడా గుర్రానికి తెలుసు, మాటలు రాని పిల్లలకి తెలుసు. భయం వెయ్యవలసిన చోటు ఇది అని ఆమె అనుకుంది. ఊడిన పంటి చోట నాలుక పెట్టి చూసుకున్నట్టు తనలో వెతుక్కుంది. అక్కడ నున్నగా ఉంది. బిళ్ళ కూడా టిక్కుమనలేదు. ఎదటి ప్రమాదం సంగతి అది చెబుతుంది గానీ, మనిషే ప్రమాదమైతే చెప్పటం దానికి రాదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆమె భర్తకు చెప్పింది.

"ఏడిస్తే బాధా, ఏడకపోతే బాధా?" అన్నాడు అతను శాంతంగా. "గుంట బాగానే ఉంది కదే. తింటంది, పడుకుంటంది."

"గుర్రమూ తింటంది మావా. రేపు మూటలేసుకుని దూకీదాకా తింటంది."

"ఏటి సేద్దామంటావు?"

"బిళ్ళ తీయించీసుకుంటాను."

అతను కాసేపు ఆలోచించాడు. ఆలోచనలో ఎక్కడా తొట్రుపాటు లేదు. "తీయించుకో మరి. నీ ఇష్టం." చెయ్యి చాచి ఆమె చెంప నిమిరాడు. అతను ఏనాడూ ఆమె మీద చెయ్యెత్తిన మనిషి కాదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి వింతగా చూసింది. "పెట్టించుకోడానికి వస్తారు. తీయించుకుంటానని వచ్చింది నువ్వే. ఎందుకు?"

"నా గుంట ఏడవాలండి," అంది కొండమ్మ.

బిళ్ళ బయటికి వచ్చినప్పుడు ఏమీ కాలేదు. మత్తు దిగాక కూడా ఏమీ కాలేదు. తోడు వచ్చిన దేముడమ్మ చెయ్యి పట్టుకుని ఆమె మామూలుగానే గుమ్మం దాటింది. కొండదారి మొదటి మలుపు దగ్గర లోయ కనిపించింది. రోజూ చూసే లోయే. ఆమె మోకాళ్ళు ఒక్కసారిగా నీళ్ళయిపోయాయి. నేల మీద కూలబడి గడ్డి దుబ్బు పట్టుకుంది. నోరు ఎండిపోయింది. చెవుల్లో ఏదో బాదుతోంది. అది తన గుండేనని తెలియటానికి కొంతసేపు పట్టింది. పెరట్లో చిరుత గుర్తొచ్చింది. తండ్రి చనిపోయిన రోజు, శవం పక్కనే తాను కడుపునిండా తిన్న అన్నం గుర్తొచ్చింది. పాప తలస్నానం అప్పుడు చేజారబోతే, "అయ్యో జారింది" అని తాను నవ్వటం గుర్తొచ్చింది.

"తెలిసిందేటే, నా బతుకు?" అని దేముడమ్మ పక్కనే కూలబడింది. ఆమె ముఖంలో ఎన్నడూ లేని సంబరం. "ఇన్నాళ్ళకి నాకు తోడు దొరికినావు. ఏడు, ఏడు. నానూ ఏడుస్తాను."

ఇద్దరూ ఒకరి నడుం ఒకరు పట్టుకుని, ప్రతి చప్పుడికీ ఆగుతూ ఇల్లు చేరేసరికి సన్నగా వాన పట్టింది. బలరాం పాపను పడుకోబెట్టి, కూలిన గట్టు చూడటానికి పైకి వెళ్ళాడని పొరుగామె చెప్పి తన దారిన పోయింది. దేముడమ్మ పొయ్యి రాజెయ్యటానికి వంటపాకలోకి వెళ్ళింది.

కొండమ్మ దొడ్డి గేటు తీసింది. రెండడుగులు వేసి, ఆపైన వెయ్యలేకపోయింది. గుర్రం ఎంత పెద్దది! ఒక్క తాపు తంతే చాలు. కళ్ళెత్తి చూడటానికి ధైర్యం చాలక అటు తిరిగి, నేల చూస్తూ నిలబడింది. తండ్రి ఎందుకు అలా నిలబడేవాడో అప్పుడు తెలిసింది. అది విద్యగా నేర్చుకున్నది కాదు, ఆయన ఇంకోలా నిలబడలేకపోయాడు. వీపు మీద వాన చినుకులు. కాసేపటికి మెడ మీద వెచ్చటి ఊపిరి. తరవాత చెవి పక్కనే, మెత్తగా, తడిగా, నమిలిన చప్పుడు.

"నమిలిందయ్యా," అని ఆమె ఎవరూ లేని గోడకేసి చెప్పింది.

గదిలో పాప లేచి కూర్చుని ఉంది. కొండమ్మ దగ్గరికి వెళ్ళలేదు. తలుపు పక్కనే చాప మీద కూలబడి చేతులు చాచింది. చేతులు వణుకుతున్నాయి. ఎత్తుకుంటే ఎక్కడ పడేస్తానో, ఎత్తుకోకపోతే ఎక్కడ పడిపోతుందో. పాప చూపు ఆ వేళ్ళ మీద ఆగింది. వేళ్ళ మీంచి మోచేతికి, భుజానికి, అక్కణ్ణుంచి ముఖానికి ఎక్కింది. పుట్టాక మొదటిసారి తల్లి కళ్ళలోకి చూసింది. కింది పెదవి వంకర తిరిగింది. ఆపైన ఇల్లదిరిపోయేలా ఏడుస్తూ, పాకుతూ వచ్చి ఆమె మెడ పట్టుకుంది. ఇన్ని నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. కొండమ్మ కూడా ఏడ్చింది. పాప పిడికిట్లో తన పైట బిగుసుకోవటం ఆమెకు తెలుస్తోంది.

బయట బురదలో అడుగుల చప్పుడు అయింది. తడబాటు లేని అడుగులు.

దొడ్డిలో నమలటం ఆగిపోయింది. పాప ఏడుపు సగంలో తెగిపోయింది.

గుమ్మంలో బలరాం నిలబడి ఉన్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎప్పటిలాగే ప్రేమగా నవ్వుతున్నాడు. చూపు తిన్నగా ఆమె కళ్ళ మీద ఉంది. రెప్ప పడటం లేదు. ఆ ముఖంలో కోపం లేదు, చెడు లేదు, ఆమెకు తెలియనిది ఏదీ లేదు. అతను తలుపు దాటి ఒక అడుగు లోపలికి వేశాడు. అడుగు ఎక్కడా తగ్గలేదు.

"తీయించీసుకున్నావా?" అన్నాడు.

జవాబు చెప్పాలని ఆమె అనుకుంది. వేళ్ళు విచ్చుకుని అలాగే ఉండిపోయాయి. పొట్ట మీద పాప పొట్ట ఎగరటం లేదు. తనది కూడా. ఆమె అతన్ని కాకుండా, అతని చెంప పక్కనున్న గాలిని చూస్తోంది.

బలరాం వాళ్ళ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక చెయ్యి పాప తల మీద, ఒక చెయ్యి భార్య తల మీద వేశాడు. ఎవరూ కదలలేదు.

"సూసినావా," అన్నాడు మురిపెంగా, "ఎంత కుదురుగా ఉన్నారో ఇద్దరూ."