కనిపించని లెవెల్

“నా బోర్డు మీద చెయ్యి వేసిందెవరు?”

భుజం మీది బ్యాగు కూడా దించకుండా అతను వేసిన కేక అది. ముందురోజు సాయంత్రం తెల్లబోర్డు మీద ఇంతింత అక్షరాలతో ‘మన ఆట యాక్షన్’ అని రాసి ఇంటికెళ్ళాడు. పొద్దున్న వచ్చి చూస్తే ‘యాక్షన్’ మాయం. ఆ జాగాలో గుండ్రటి దస్తూరీతో ‘ఆర్పీజీ’ అని ఉంది.

“నేనేనండీ,” అంది కిటికీ పక్క కుర్చీలోంచి ఓ కొత్త గొంతు. “తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు.”

తిరిగి చూశాడు. జుట్టు ముడేసి, అందులో పెన్ను గుచ్చుకుని, చేతిలో టీ కప్పుతో ఓ అమ్మాయి. నవ్వట్లేదు గానీ, పెదవి చివర నవ్వు కాచుకుని కూర్చుంది.

అక్కడితో అతని పని అయిపోయిందని మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. అతనికి అర్థం కావడానికే చాలా కాలం పట్టింది.

అది వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీ. మేడ మీద ఒకటే పొడుగాటి హాలు, దాని చివర ఆటలు ఆడి చూసే గది. అక్కడ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. హీరో కత్తి ఎంత వేగంగా తిరగాలి, రాక్షసుడి గద నెత్తిమీద పడేలోపు పక్కకి దూకడానికి ఎంత వ్యవధి ఇవ్వాలి, ఇదంతా అతని పని. అందుకని అతను ఫైట్ మాస్టర్. హీరోకి ఎంత బలం ఉండాలి, దెబ్బ తింటే ఎంత ప్రాణం పోవాలి, గెలిస్తే ఎంత పెరగాలి, ఆ అంకెలు చూడ్డానికి ఆమె కాంట్రాక్టు మీద వచ్చింది. సాయంత్రానికల్లా లెక్కల టీచర్ అయి కూర్చుంది.

“ఏమండీ టీచర్‌గారూ, హీరో కత్తి తిప్పేది మనం బటన్ నొక్కితేనా, మీ లెక్కలు నొక్కితేనా?”

“తిప్పేది మీరే మాస్టారూ. తిప్పాక రాక్షసుడు చావాలా, నవ్వి ఊరుకోవాలా అన్నది నా లెక్కలు చెబుతాయి.”

“వేళ్ళలో పనితనం లేకపోతే ఆ లెక్కలు ఏ మూలకి? కళ్ళు పెట్టుకుని చూసి, సరిగ్గా టైముకి నొక్కినవాడే బతుకుతాడు. అదీ యాక్షన్ అంటే.”

“మీ వేళ్ళు అరిగిపోయేలా నొక్కండి, ఎవరొద్దన్నారు? హీరో మాత్రం మొదటిరోజు ఎలా ఉన్నాడో చివరిరోజూ అలాగే ఉంటే వాడిదీ ఒక బతుకేనా? తిన్న ప్రతి దెబ్బకీ వాడు లోపల ఎంతో కొంత పెరగాలి. అదీ ఆర్పీజీ అంటే.”

“పెరిగితే చాలా? కార్ల పందెం ఆటలో కారుకి కొత్త ఇంజన్ వేస్తాం. కారు పెరిగినట్టేగా! దాన్నీ ఆర్పీజీ అనేస్తారా?”

ఆమె కప్పులో మిగిలిన టీ తాగేసింది.

“రేపు చెబుతా,” అంది.

ఆ ‘రేపు’ విన్నాక ఆ రాత్రి అతనికి నిద్ర పడితే ఒట్టు.

గొడవ బాస్ దాకా వెళ్ళింది. ఆయన ఇద్దరినీ నిలబెట్టి తేల్చేశాడు. “బయట ఇలాంటివాటిని యాక్షన్ ఆర్పీజీ అనేస్తున్నారు. మనమూ అనుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఏది ఉంటే అది యాక్షన్ ఆర్పీజీ అవుతుందో మీరిద్దరూ ఒప్పుకుని ఒక్క వాక్యంలో చెప్పండి. టీచర్‌గారూ, మీ కాంట్రాక్టులో చివరి పని అదే. అది తేలిందా, మీకు సెలవు. ఇంకోటి, నోటితో గెలవడం కుదరదు.”

ఆ కంపెనీ పద్ధతే అంత. వాదించేవాళ్ళు తమ మాటని ఆటలో కట్టి, ఆడించి చూపించాలి. అలా కట్టినదాన్ని బిల్డ్ అంటారు. మాటకి మాట కాదు, బిల్డుకి బిల్డు.

ఇక మొదలైంది. రోజూ టీ వేళ దాటగానే ఆమె తన చక్రాల కుర్చీలో కూర్చునే, కాళ్ళతో నేలని తన్నుకుంటూ అతని టేబుల్ దగ్గరికి వచ్చేసేది. ఆ కుర్చీ చక్రాల్లో ఒకటి కీచుమనేది. నూనె వేస్తామని ఆఫీసు కుర్రాళ్ళు అంటే అతను కసురుకున్నాడు. ఆ కీచుమనే చప్పుడు హాలు అవతలి కొస నుంచి బయల్దేరిందంటే అతని గుండె ఇక్కడ సర్దుకుని కూర్చునేది.

“మీ బిల్డులో తప్పు పట్టుకున్నా మాస్టారూ.”

“తప్పు లేకపోతే మీకు పొద్దెలా పోతుంది టీచర్‌గారూ.”

ఆదివారాలు అతనికి పరమ చిరాకు. ఇంట్లో నాయనమ్మ కుర్చీ జరిపినా తలెత్తి చూసేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె తన బిల్డ్ ఆడి చూపించింది. మొదట్లో గద ఎత్తగానే చతికిలబడిన హీరో, ఎన్నో దెబ్బలు తిని తిని, అదే రాక్షసుడి ముందు మళ్ళీ నిలబడ్డాడు. ఈసారి గద పడింది. వాడు ఊగాడు గానీ పడలేదు.

“చూశారా,” అంది ఆమె, గొంతు తగ్గించి. “వీడు మొన్నటివాడు కాదు.”

అతను స్క్రీన్ చూడలేదు. స్క్రీన్ వెలుగులో ఆమె మొహం చూశాడు. ఆ క్షణమే ఒప్పేసుకున్నాడు. పెరగకపోతే అది ఆటే కాదు, ఆమె చెప్పిందే నిజం. ఒప్పుకోవడానికి నోరు కూడా తెరిచాడు. అంతలో బాస్ మాట గుర్తొచ్చింది. అది తేలిందా, మీకు సెలవు.

“నేనొప్పుకోను,” అన్నాడు.

అలా నెలలు గడిచాయి. తను నమ్మని మాట కోసం అంత గట్టిగా పోట్లాడినవాడు ఇంకొకడు ఉండడు. రోజూ ఓడిపోవాలని ఉండేది, రోజూ భయం వేసేది. చెప్పేద్దామనుకుని ఆమె కుర్చీ దాకా వెళ్ళి, నీళ్ళు నమిలి, “స్టేప్లర్ ఉందా?” అని అడిగి వచ్చేసేవాడు. అతని టేబుల్ మీద స్టేప్లర్లు కుప్పపడ్డాయి.

ఒక సోమవారం బాస్ హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాడు. టీచర్‌కి వేరే ఊళ్ళో పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చిందట. రైల్లో రాత్రంతా ప్రయాణమట. శనివారానికల్లా వాదన తేలిపోవాలట. అందరూ ఆమె చుట్టూ మూగారు. అతను మాత్రం ఏ రాక్షసుడికీ పెట్టనంత పెద్ద గద తన నెత్తిన పడ్డట్టు కూర్చుండిపోయాడు.

“అయితే ఆఖరి బిల్డ్,” అంది ఆమె దగ్గరికొచ్చి. “మీ హీరోకి అంకెలు అక్కర్లేదన్నారుగా. అన్నీ పీకేసి, ఒట్టి వేళ్ళతో ఆడించి చూపించండి.”

“చూపిస్తా.”

“ఆడేవాళ్ళు ఎప్పుడూ గేమ్ ముట్టనివాళ్ళయి ఉండాలి.”

“మా నాయనమ్మని తీసుకొస్తా.”

శనివారం మధ్యాహ్నం నాయనమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఆట గదిలోకి వచ్చింది. రిమోట్ లాంటిదాన్ని చేతిలో పెడితే తిరగేసి, బోర్లేసి చూసింది.

“ఇదేంట్రా, దీనికిన్ని గుండీలు! ఏది నొక్కాలి?”

“అది కత్తి. ఇది పక్కకి దూకడం. స్క్రీన్ మీద అంకెలేం ఉండవు నాయనమ్మా, అంతా నీ చేతిలోనే ఉంది.”

పక్కన టీచర్, వెనక బాస్. బయట వాన మొదలైంది. నాయనమ్మ కత్తి తిప్పాల్సిన చోట దూకింది, దూకాల్సిన చోట గోడకి దండం పెట్టింది. హీరో టపటపా చచ్చాడు. “ఓరి నీ దుంప తెగ, లేవరా!” అని తిట్టి మళ్ళీ లేపింది. చచ్చాడు. లేపింది. చిన్నాచితకా రాక్షసుల్ని ఎలాగో కొట్టింది. చివరికి పెద్ద రాక్షసుడు గద ఎత్తాడు. అలవాటుగా తప్పు గుండీ నొక్కింది. గద నెత్తిన పడింది.

హీరో ఊగాడు గానీ పడలేదు.

“అదేంటీ!” అంది నాయనమ్మ. “నా వేళ్ళు ఇందాకటి మొద్దు వేళ్ళేగా. నేనేం నేర్చుకోలా. వీడే గట్టిపడ్డాడు. అంకెల్లేవన్నావు?”

అతను వంగి, టేబుల్ కింద తీగలు సర్దడం మొదలుపెట్టాడు.

“పైకి చూపించడు గానీ లోపల పెరుగుతూనే ఉన్నాడమ్మా వీడు,” అంది నాయనమ్మ టీచర్ వైపు తిరిగి, తాపీగా. “అచ్చం మావాడే. ఇంట్లో కుర్చీ కీచుమంటే చాలు, ఉలిక్కిపడతాడు.”

బాస్‌కి హఠాత్తుగా దగ్గొచ్చింది. టీచర్ లేచి, గది దాటి మెట్ల వైపు నడిచింది.

మెట్ల మలుపులో కిటికీ దగ్గర ఆమెని అందుకున్నాడు. వాన జల్లు లోపలికి కొడుతున్నా ఆమె జరగలేదు.

“ఒప్పుకుంటున్నా,” అన్నాడు రొప్పుతూ. “మీరే గెలిచారు. అంకెలు తీసేద్దామనే కూర్చున్నా. ఒక్కో అంకె పక్కనా మీరు ఏదో రాసి పెట్టారు. ‘ఇక్కడ వాడికి కాస్త ధైర్యం రావాలి.’ ‘ఇక్కడ వాడు ఒంటరిగా ఉన్నాడు, దెబ్బ మెల్లగా తగలాలి.’ చెరపడానికి చెయ్యి రాలేదు. స్క్రీన్ మీద కనిపించకుండా మాత్రం చేశాను.”

“తెలుసు.”

“తెలుసా?”

“నీ బిల్డ్ నడిచిన ప్రతిసారీ నా అంకెల్ని అడిగి తెచ్చుకుంటోంది. ఆ లెక్కలు నావి, నాకు తెలీకుండా పోతుందా? ఇవాళ్టి సంగతే కాదు, నీ పాత బిల్డులూ అంతే. నువ్వు నా దారికొచ్చి నెలలైంది.”

ఆమె ‘నువ్వు’ అంటోందని అతనికి అప్పుడే తట్టింది.

“తెలిసి కూడా రోజూ ఎందుకొచ్చి పోట్లాడావు?”

“నువ్వెందుకు పోట్లాడావు?”

“ఒప్పుకుంటే నువ్వు వెళ్ళిపోతావని. ఆ కుర్చీ చప్పుడు ఇక వినపడదని. నువ్వంటే నాకు... ఇష్టం అని చెప్పడానికి నోరు రాక, స్టేప్లర్లు అడిగాను.”

ఆమె నవ్వబోయింది. కళ్ళు నిండాయి. “కళ్ళు పెట్టుకుని చూసి, టైముకి నొక్కినవాడే బతుకుతాడు. ఎవరి మాట అది? లోపల పెరిగితే చాలనుకున్నాను నేను. చాలదు, నువ్వు చెప్పిందే నిజం. ఇవాళ చెబుతావు, రేపు చెబుతావు అని ఎన్ని రోజులు చూశాను! ఆ ఉద్యోగానికి రెండుసార్లు వాయిదా అడిగాను. టికెట్ కొన్నాక చెబుతావా? రేపే రైలు.”

“వద్దనను. నీ పని నీకెంత ప్రాణమో నాకు తెలుసు.”

“అంటావేమోనని భయపడ్డా. అనలేదని ఏడుపొస్తోంది,” అని ముక్కు తుడుచుకుంది.

ఇద్దరూ పైకొచ్చారు. బోర్డు దగ్గర ఆమె ముడిలోంచి పెన్ను తీసింది. అతను ఆమె వాదన రాశాడు, ‘లోపల పెరగాలి’ అని. ఆమె పక్కన అతని వాదన రాసింది, ‘టైముకి నొక్కాలి’ అని. బాస్ కళ్ళద్దాలు పైకి జరిపి, రెంటినీ ఒకే వాక్యంగా కలిపి చదివి, “ఈ మాత్రానికి ఇన్ని నెలలా?” అన్నాడు.

మర్నాడు ఆమె వెళ్ళిపోయింది.

కుర్చీ మాత్రం కిటికీ పక్కనే ఉంది. కొత్తగా వచ్చినవాడు అందులో కూర్చుని జరిగితే, ఆ కీచు చప్పుడుకి అతను తలెత్తేవాడు, దించేవాడు. ఫోనులో రోజూ మాట్లాడుకునేవారు. ఆట ఎలా అమ్ముడుపోతోంది, అక్కడ మెస్ ఎలా ఉంది, ఆమె తన గదిలోకి కొన్న చక్రాల కుర్చీ కూడా ఎందుకు కీచుమంటోంది, ఇక్కడ వాన తగ్గిందా. అసలు మాట దగ్గరికి రాగానే ఇద్దరిలో ఎవరో ఒకరికి పని తగిలేది. ఫోను పెట్టేశాక ఇల్లంతా చప్పబడిపోయేది.

“ఏరా,” అంది నాయనమ్మ ఒక సాయంత్రం. “నీ రాక్షసుడు గద ఎత్తి ఎంతసేపు ఆగుతాడు?”

“కొంచెంసేపే నాయనమ్మా.”

“మరి ఆ పిల్ల ఎంతకాలం ఆగుతుందనుకున్నావు? నాకు నచ్చింది. వాళ్ళవాళ్ళతో నేను మాట్లాడతా. ముందు నువ్వెళ్ళు.”

ఆదివారం పొద్దున్న ఆమె ఫోన్ చేసింది. గొంతులో పాత పంతం.

“మాస్టారూ, కార్ల సంగతి రేపు చెబుతానన్నా కదా. ఇప్పుడు చెబుతున్నా. ఆ ఇంజన్ మనం దుకాణంలో కొని వేసింది. అది దెబ్బలు తిని పెరిగింది కాదు. కాబట్టి ఆర్పీజీ కాదు. ఏమంటావు?”

“నోటితో గెలవడం కుదరదు టీచర్‌గారూ. ఎదురుగా కూర్చుని ఆడించి చూపించాలి.”

“ఎలా చూపిస్తాను? నువ్వక్కడ, నేనిక్కడ.” ఆమె గొంతు సన్నబడింది. “రాత్రంతా రైలు దూరం...”

“నిద్ర సరిగ్గా పట్టలేదు గానీ, అంత దూరమేం అనిపించలేదు,” అన్నాడు.

అతను ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, బ్యాగు భుజం మీద సర్దుకుని, ఎదురుగా ఉన్న తలుపు బెల్ నొక్కాడు.

లోపల్నుంచి చక్రాల కుర్చీ కీచుమంటూ బయల్దేరింది.