డాక్టరమ్మ చూసిన తెల్లగీతలు

ఎక్స్‌రే టెక్నీషియన్‌కీ, ఎమర్జెన్సీలో కొత్తగా చేరిన డాక్టరమ్మకీ మొదటి రోజే చెడింది. ఆయాసంతో వచ్చినవాళ్లను అతని గదికి పంపకుండా, ఆమె మంచం పక్కనే చిన్న అల్ట్రాసౌండ్ మిషన్ పెట్టుకుని ఛాతీ చూసేస్తోంది. ఊపిరితిత్తుల్లో ఉండేది గాలి, గాలిలో స్కానింగ్ ఏమిటని అతను నలుగురిలో అనేశాడు. ఆమె కోపం తెచ్చుకోలేదు. తీరికైనప్పుడు వచ్చి చూడమంది.

పంతం కొద్దీ వెళ్లాడు. రెండో వారానికి పంతం పోయింది, వెళ్లడం మాత్రం మానలేదు. ఆమె వేలు పెట్టి చూపిస్తుంటే తెరను వదిలి వేలినే చూసేవాడు.

“పరీక్షలో వేలి గురించి అడగరండీ, అటు చూడండి,” అనేది ఆమె.

ఒక వాన మధ్యాహ్నం, బస్సు నడిపే అతని నాన్నను తోటి డ్రైవర్లు మోసుకొచ్చారు. ఆయాసంతో మాట పెగలడం లేదు, పడుకోబెడితే ఊపిరి అందడం లేదు. ఇరవై ఏళ్లుగా ఉబ్బసం. పెద్ద డాక్టరు ఫోన్లోనే ఉబ్బసం మందు పట్టించమన్నారు. పట్టించినా తగ్గలేదు.

డాక్టరమ్మ ఆయన్ను కూర్చోబెట్టే ఛాతీకి రెండు వైపులా స్కానింగ్ మిషన్ ప్రోబ్ ఆనించింది. తెర మీద పైనుంచి కిందికి తెల్లటి గీతలు బారులు తీరాయి. గుండె దగ్గర చూస్తే, అది నీరసంగా ముడుచుకుంటోంది.

ఇది ఉబ్బసం కాదని, ఆ గీతలు నీటి గుర్తని, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందని పెద్ద డాక్టరుకు ఫోన్లో చెప్పింది. అవతల గొంతు పెరిగింది.

“నా కళ్లతో చూస్తూనే చెబుతున్నాను సార్. మందు మార్చాలి,” అంది ఆమె, తన గొంతు పెంచకుండానే.

కాసేపటికి సరేనన్నారు. ఆక్సిజన్ మాస్కు బిగించి, నీరు తీసే ఇంజెక్షన్ ఇచ్చారు. అతను నాన్న చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. గంట తిరిగేసరికి నాన్న ఊపిరి కుదుటపడింది.

సాయంత్రం గుండె డాక్టరు కూడా ఆమె మాటే నిజమన్నారు. ఆ అమ్మాయి పట్టుబట్టకపోతే మనిషి దక్కేవాడు కాదని పెద్ద డాక్టరు అందరి ముందూ ఒప్పుకున్నారు. అతని ఛాతీ ఉప్పొంగింది.

వరండాలో ఆమె చేతులు కడుక్కుంటుంటే వెళ్లి నిలబడ్డాడు.

“చాలా గర్వంగా ఉందండీ. నేను మీకేమీ కాకపోయినా.”

“ఏమీ కాకుండా గర్వపడితే ఎలా? ఏదో ఒకటి అవ్వండి,” అంది ఆమె, వానను చూస్తూ.

మూడో రోజు నాన్న ఇద్దర్నీ మంచం దగ్గరికి పిలిచాడు. మావాడు నీకు నచ్చాడా తల్లీ అని అడిగాడు. ఇంకా ఆలోచిస్తున్నానంది ఆమె. అతను పట్టుకున్న తన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.