ఆమె చూపు ఆగిన చోట

"ఓయ్! ఆపు, ఆపు!"

ఓబిలేష్ చేతిలోని క్లీనర్ డబ్బా అప్పటికే బుస్సుమంటోంది. ఎదురు బల్ల దగ్గర నుంచి ఒక అమ్మాయి విసురుగా వచ్చి దాన్ని లాక్కుంది.

"ఏమప్పా, నిన్న సార్ చెప్పింది నిద్రలో విన్నావా? డై పూసిన ముక్క మీద క్లీనర్ నేరుగా కొడితే పగుల్లో దూరిన రంగు గూడా కడుక్కోని పోతాది. ఇంగ దాంట్లో నీకు కనపడేదేంది, మీ తాత మొగమా?"

"గుడ్డకు కొట్టి తుడవాల, అంతే గదా?"

"తెల్సు గదా మళ్ల?"

"తెల్సు. నువ్వొచ్చి చెప్తావేమో అని చూసినా."

క్లాసంతా ఘొల్లుమంది. ఆ అమ్మాయి డబ్బాను బల్ల మీద ఠక్కున పెట్టి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి కోపంగా చూసింది. కోపం మరీ అంత గట్టిది కాదని ఓబిలేష్‌కి అర్థమైంది.

ఆమె పేరు అశ్విని. ఊరు ధర్మవరం. నాయన శ్రీరంగప్ప చీరల మగ్గాలకు పట్టునూలుకు రంగులేస్తాడు. పని తగ్గిపోయి రంగు తొట్లు వారానికి నాలుగు రోజులు ఎండిపోయి ఉంటున్నాయని ఆమె ఈ కోర్సులో చేరింది.

హిందూపురం ఇండస్ట్రియల్ ఏరియాలో, ఒక రేకుల షెడ్డులో నడిచే ట్రైనింగ్ సెంటర్ అది. ఇనుప ముక్కల్లో, వెల్డింగుల్లో మామూలు కంటికి ఆనని పగుళ్లను పట్టుకోవడం అక్కడ నేర్పుతారు. ముక్కను శుభ్రంగా తుడిచి ఎర్రటి డై కొట్టాలి. పది నిమిషాలు ఆగాలి. పైన ఉన్న రంగంతా గుడ్డతో తుడిచేసి, తెల్లటి డెవలపర్ పలచగా కొట్టాలి. పగులుంటే, లోపలికి ఇంకిన రంగు ఆ తెలుపులోంచి మెల్లగా పైకి ఊరుతుంది. పెద్ద పగులైతే ఎర్రగా, సన్నటిదైతే లేత గులాబీ గీతలా.

ఆ లేత గులాబీ గీత ఓబిలేష్‌కి కనిపించదు.

మొదటి వారంలోనే అతనికి తెలిసిపోయింది. రాజేంద్ర సార్ ముక్కను ఎత్తి చూపించినప్పుడు పదకొండు మందీ "అదిగో" అన్నారు. అతనికి కనిపించింది తెలుపు ఒక్కటే. అయినా "అదిగో" అన్నాడు.

మడకశిర దగ్గర పల్లె అతనిది. గొర్రెల ఇల్లు. చిన్నప్పుడు మందలు కలిసిపోతే, ఎర్ర రంగు గుర్తున్నవి తమవి, ఆకుపచ్చవి పక్కవాళ్లవి అని అందరూ ఇట్టే విడగొట్టేవాళ్లు. అతను మాత్రం మొహాలు చూసి విడగొట్టేవాడు. "యాడ పెట్టుకున్న్యావురా కండ్లు?" అని నాయన తిట్టేవాడు. తనది పరధ్యానమే అనుకున్నాడు ఇన్నాళ్లూ. డిప్లొమా అయ్యాక రెండేళ్లు తిరిగితే దొరికిన దారి ఈ కోర్సొక్కటే. ఇప్పుడు నోరు విప్పితే అదీ పోతుంది.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. ముక్కలన్నీ పొడవాటి బల్ల మీద వరసగా పెట్టేవాళ్లు. అశ్విని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయేది. పగులున్న చోట ఆమె చూపు ఆగేది, కింది పెదవి కొద్దిగా ముడుచుకునేది. ఎదురుగా కూర్చుంటే అవన్నీ కనిపిస్తాయి. అతను ఎదురుగా కూర్చున్నాడు. ఆమె చూపు ఆగిన చోటే సున్నా చుట్టాడు. మార్కులు వచ్చాయి.

దీన్ని అశ్విని ఇంకోలా అర్థం చేసుకుంది.

"నీ ఎదురు స్టూలు కోసం అరగంట ముందొస్తాండాడే ఆ మడకశిరోడు" అంది అదే క్లాసులో చదువుతూ హాస్టల్లో ఆమెతో ఉండే కల్పన.

"వస్తే రానీ. స్టూలు నాదా?"

"స్టూలు నీది కాదులే. మల్ల ఈ కనకాంబరాలు ఎవురి కోసం?"

"వాసన బాగుంటాదని."

"కనకాంబరానికి వాసన యాడుండాదే!"

అశ్విని దిండు విసిరింది.

ఒక మధ్యాహ్నం టీ బంకు దగ్గర ఆమె నేరుగానే అడిగేసింది. "ఎందుకట్ల చూస్తావు నన్ను?"

చెప్పేద్దామనుకున్నాడు. మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. "బాగుంటావు గదా" అన్నాడు.

ఆమె తల వంచుకుని, బ్యాగులోంచి డబ్బా తీసి తీపి ఓళిగ సగం తుంచి అతని చేతిలో పెట్టింది. "మా అమ్మ పంపించింది. తిను."

తిన్నాడు. ఆమె నవ్వుతూనే ఉంది. అంత నమ్మకంగా తనను చూసి నవ్విన మనిషి ఇంతవరకు ఎవరూ లేరు. ఆ నవ్వుకు కారణం తన అబద్ధమని గుర్తొచ్చినప్పుడల్లా అతనికి పారిపోవాలనిపించేది. మర్నాడు మళ్లీ అదే స్టూలు మీద కూర్చునేవాడు.

మూడో నెలలో మొదటిసారి నిజమైన పని వచ్చింది. పక్క వర్క్‌షాపు నుంచి క్రేన్ కొక్కేలు పంపించారు, తలా ఒకటి. ఆ రోజు అశ్విని లేదు. శ్రీరంగప్పకు జ్వరమని ధర్మవరం పోయింది.

ఓబిలేష్ గంటసేపు ఆ కొక్కేన్ని తిప్పి తిప్పి చూశాడు. భూతద్దం పెట్టాడు, వాకిలి దగ్గర ఎండలోకి పట్టుకెళ్లాడు. తెలుపే. చివరికి 'లోపం లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

రాజేంద్ర సార్ ఆ కొక్కేన్ని తిరిగి తెచ్చి అతని ముందు పెట్టారు. కోప్పడలేదు.

"ఏం కనపడతాండాది?"

"ఏం లేదు సార్."

"కల్పనా, నువ్వు చూడు."

కల్పన ఒక్క క్షణంలో వంపు దగ్గర వేలు పెట్టింది. "ఈడ, సార్. అంగుళం ఉంటాది."

"దీని కింద మనుషులు నడుస్తారప్పా" అన్నారు సార్. "పేర్లుండే మనుషులు. రేపు పొద్దున కంటి డాక్టరు దగ్గరికి పోదాం."

డాక్టరు రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం తెరిచారు. మొదటి పేజీలో ఓబిలేష్ అంకె చదివాడు. రెండో పేజీలో చుక్కలే ఉన్నాయి. మూడో పేజీలోనూ చుక్కలే. "ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలీని కళ్లు. పుట్టుకతో వచ్చింది బాబూ, మందు లేదు. నీ తప్పేం కాదు" అన్నారాయన.

సెంటరుకి తిరిగొచ్చాక ఓబిలేష్ క్లాసు ముందు నిలబడ్డాడు. "సార్, ఇన్నాళ్లూ నేను పెట్టిన గుర్తులు నావి కాదు. అశ్విని యాడ చూస్తే ఆడ పెట్టినా. నేను సంతకం చేసినవన్నీ ఇంగొకరితో చూపించండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

కల్పన ఫోను చేసి చెప్పింది. అశ్విని వచ్చేసరికి అతను బ్యాగుతో గేటు దగ్గర ఉన్నాడు.

"నిజమేనా?"

"ఊ."

"నా కండ్లు చూసి మార్కులు తెచ్చుకుంటివి."

"ఊ."

"ఆ కొక్కెం తెగి ఎవురి మీదన్నా పడింటే?"

అతను బ్యాగు కింద పెట్టాడు.

"సరే. ఇంగొకటి అడుగుతా, చెప్పు." ఆమె ఒకడుగు ముందుకేసింది. "నువ్వు చూసింది దానికోసమేనా? అంతేనా?"

"అంతే."

ఆమె జడలోంచి కనకాంబరాలు తీసి, ఎక్కడ పడేయాలో తెలియక గుప్పిట్లోనే పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అతను మడకశిర బస్సెక్కాడు.

అశ్విని పరీక్షలో మొదటి స్థానంలో పాసయింది. ఆ వర్క్‌షాపులోనే ఉద్యోగం ఇచ్చారు. జీతం వచ్చిన రోజు కల్పన స్వీటు తినిపించబోతే మొహం తిప్పుకుని ఏడ్చేసింది. మోసపోయానన్న బాధ కొన్నాళ్లకు తగ్గింది. తగ్గాక మిగిలింది ఇంకా బరువైనది. వర్క్‌షాపులోనూ ఆమె బల్లకు ఎదురుగా ఒక స్టూలు ఉండేది. దాని మీద ఎవరు కూర్చున్నా ఆమెకు చిరాకేసేది.

ఫిబ్రవరిలో ఆమె సెంటరుకి వెళ్లినప్పుడు రాజేంద్ర సార్ ఒక కవరు చూపించారు. "ఓబిలేష్ ఒరిజినల్ సర్టిఫికెట్లు. ఈడ్నే వదిలేసి పోయినాడు. పోస్టు చేయల్ల."

"నేనిస్తాలే సార్" అంది అశ్విని.

మూడు బస్సులు మారింది. ఓబిలేష్ ఇంటి ముందు గొర్రెలు గుంపుగా నిలబడి ఉన్నాయి. గంపలు, గొంగళ్లు గాడిద మీద కడుతున్నారు. గడ్డి పరకైనా మిగలని ఏడాది అది. పొద్దు వాలేలోగా మంద కర్ణాటక వైపు బయలుదేరుతోంది.

"ఎవురు పాపా నువ్వు?" అంది ఓబిలేష్ అమ్మ తిప్పమ్మ.

"ఓబిలేష్ సర్టిఫికెట్లు తెచ్చినాను."

తిప్పమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "కాయితాల కోసం ఇంత దూరం ఎవురూ రారు. వాడు దొడ్డి వెనకల ఉండాడు, పో."

ఓబిలేష్ చిక్కిపోయాడు. కవరు తీసుకున్నాడు, తెరవలేదు.

"ఇంగ ఇవి దేనికి నాకు?"

"వేరే టెస్టింగ్ కోర్సులు ఉండాయి గదా."

"సార్‌నడిగినా. ఆడ గూడా కంటి పరీక్ష ఉండాదంట." నేల చూస్తూ అన్నాడు. "ఆ కొక్కెం కలలోకి వస్తాది అశ్వినీ. కింద మా అమ్మ నడుస్తా ఉంటాది."

ఓదార్చడానికి వచ్చింది కాదు తను. "ఆ దినం 'అంతే' అన్న్యావే, అది నిజమేనా?" అని అడిగింది.

అతను కవరును చంకలో పెట్టుకున్నాడు.

"మొదట్లో పగుళ్ల కోసమే చూసినా. తర్వాత తర్వాత, నువ్వు ముక్కలన్నీ పక్కన పెట్టేసినాక గూడా చూస్తాంటి. ముక్కలు లేనప్పుడు ఇంగ పగుళ్లు యాడుంటాయి?"

"ఆ పొద్దు ఈ మాట చెప్పేకేమైంది?"

"తప్పుడు సంతకం పెట్టినోణ్ణి. ఏ మొగం పెట్టుకోని చెప్పల్ల?"

అశ్విని కళ్లు తుడుచుకుంది. "మా నాయనకు చెప్పినా నీ గురించి."

అతను ఉలిక్కిపడ్డాడు. "ఏమని?"

"రంగులు తెలీవని. కులం వేరే అని. మూడు తరాలు రంగులేసిన ఇంటికి రంగులు తెలియని అల్లుడా అన్నాడు. మూడు దినాలు నాతో మాట్లాడలే. నాలుగో దినం, మనిషి ఎట్లాంటోడు అని అడిగినాడు."

"ఏం చెప్పినావు?"

"అబద్ధమాడినాడు, మల్ల పదిమంది ముందర నిలబడి ఎవురూ అడక్కుండానే ఒప్పుకున్యాడు అని చెప్పినా. ఒకసారి తీస్కరా, చూస్తా అన్నాడు. సరే అనలేదు. చూస్తా అన్నాడు, అంతే."

దొడ్డి అవతల నుంచి ఓబిలేష్ నాయన కేక వేశాడు. మంద కదిలింది. ఓబిలేష్ కర్ర అందుకున్నాడు. అశ్విని అతని పక్కనే, దుమ్ములో, మెయిన్ రోడ్డు దాకా నడిచింది. అతనికి ఉద్యోగం లేదు, ఆమె నాయన ఒప్పుకుంటాడన్న ఆశా పెద్దగా లేదు.

రోడ్డు దగ్గర మంద పడమటికి తిరిగింది. ఆమె బస్సు పోయేది తూర్పు వైపుకి.

"ఎప్పుడొస్తావు?" అని అడిగింది.

"వానలు పడినాక ఇంటికి తిరుక్కుంటాం."

"పడకపోతే?"

ఓబిలేష్ ఆగాడు. గొర్రెలు అతన్ని దాటుకుని పోతున్నాయి. ఈసారి ఆమె మొహంలోకి సూటిగా చూశాడు.

"పడకపోయినా నేనొస్తా. మీ నాయన ముందర కూర్చుంటా."

ఆమె సరేనని తల ఊపింది. బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడి, మంద దుమ్ములో కలిసిపోయే వరకు చూసింది. అతను వస్తాడని నమ్మింది. నమ్మకపోతే ఆ రోజు బస్సెక్కడం ఆమె వల్ల అయ్యేది కాదు.