మూడో పిలుపు

నూకమ్మ సంచి సర్దడం అది నాలుగోసారి.

సర్దిందంతా మళ్ళీ చాప మీద కుమ్మరించింది. రెండు చీరలు, సబ్బు, తలనొప్పి మందు డబ్బీ, గుర్తింపు కోసం ఐసీ కార్డు, తిరిగి రావడానికి సర్కారు ఇచ్చిన పర్మిట్ కాగితం. అన్నిటికంటే అడుగున పసుపుపచ్చ గౌను. నాలుగేళ్ల పిల్ల తొడుక్కునేది.

"అన్నీ ఉన్నాయమ్మమ్మా! ఇందాకే కదా సూసినావు," అంది మనవరాలు కూర్మమ్మ. దానికి పదేళ్లు. ఇంట్లో అందరూ కూర్మీ అంటారు.

"ఇంకోసారి సూస్తే ఏటి పోతాది?"

"బస్సు పోతాది!"

నూకమ్మ వినిపించుకోలేదు. పర్మిట్ కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలోంచి తీసి, వెలుగుకి పట్టి చూసి, మళ్ళీ పెట్టింది.

"పెద్దమ్మకి ముప్పై నాలుగేళ్లంట కదా. ఈ గౌను ఆవిడ మోచేతికి కూడా ఎక్కదు. ఎందుకిది?"

"నాకు తెల్దేటి?" అని నూకమ్మ గౌను లాక్కుని మడత పెట్టింది.

పెద్దమ్మ అంటే నూకమ్మ పెద్దకూతురు బంగారమ్మ. ఇండియాలో, టెక్కలి దగ్గర పల్లెలో ఉంటుంది. మంచం పట్టిందనీ, అమ్మని ఒక్కసారి చూడాలని ఉందనీ ఉత్తరం రాయించింది. ఆ మధ్యాహ్నం రెండు గంటలకి పోర్ట్ స్వెటెన్‌హామ్ రేవులో ఓడ. అది తప్పితే మళ్ళీ నెల దాకా ఇంకో ఓడ లేదు. నెల ఆగితే బంగారమ్మ ఉంటుందో ఉండదో ఎవరూ చెప్పలేరు.

వాకిట్లో కూర్మి నాన్న సన్యాసి సైకిల్ వెనక రేకుపెట్టె కడుతున్నాడు. తాడు బిగించినప్పుడల్లా దగ్గుతున్నాడు.

"అత్తా, ఊరంతా పొగే. పొద్దున్నే నీ చుట్ట కూడా ఎందుకు?"

నూకమ్మ చుట్టని, వాళ్ళ ఊరి ఆడవాళ్ళలాగే, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. "నా పొగ నా నోట్లోనే ఉన్నాది. బైటికొచ్చి నిన్నేటి సేసింది?" అంది.

అది 1955 ఆగస్టు. మలయాలో, బంటింగ్ దగ్గర రబ్బరు తోట. తోట అవతల చిత్తడి అడవి. అక్కడ నేల మట్టిలా ఉండదు. నల్లగా, ఎండిన కొబ్బరిపీచులా ఉంటుంది. ఆ ఏడు వానల్లేక అది అంటుకుంది. మంట పైకి కనబడదు. నేల లోపలే కుములుతూ పొగ కక్కుతుంది. పొద్దున్న నీళ్ళు పోసి ఆర్పితే సాయంత్రానికి పది గజాల అవతల లేస్తుంది.

ఇరవై రోజులుగా ఆ పొగ కూలీల ఇళ్ళ లైన్లలో కూర్చుంది. ఉతికిన బట్టలకి పొగ, అన్నానికి పొగ. ఎదురింటివాళ్ళు కనబడరు, దగ్గు మాత్రం వినబడుతుంది. బడిలో టీచర్ బోర్డు మీద రాసింది ముందు బెంచీకే కనబడేది.

దానికి తోడు నూకమ్మ పిలుపొకటి.

పొగ మొదలైన రోజు నుంచీ కూర్మి కళ్ళకి కనబడకపోతే చాలు, "కూర్మీ, ఉన్నావా?" కుళాయి దగ్గరికెళ్తే, "ఉన్నావా?" దొడ్డికెళ్తే, "ఉన్నావా?" పొగలో ఎక్కడికి పోతుంది? లైన్లలో పిల్లలకి అది ఆటయిపోయింది. కూర్మి వీధిలోకి రాగానే ముసలిగొంతు పెట్టి, మాట చివర మలయా వాళ్ళ 'లా' తగిలించి, "కూర్మీ, ఉన్నావా లా?" అని అరిచి నవ్వేవారు.

ఆరింటికి తోట గేటు తెరిచారు. ఎమర్జెన్సీ రోజులు కదా, తోట చుట్టూ ముళ్ళకంచె. సర్కారు మీద తిరగబడి, తుపాకులు పట్టుకుని అడవిలో దాక్కున్న వాళ్ళున్నారు. వాళ్ళకి తిండి అందకూడదని, గేటు దాటే ప్రతి సంచీ విప్పి చూసేవారు. సోదా చేసే ఆడమనిషి నూకమ్మ సంచిని బల్ల మీద బోర్లించింది. ఐదోసారి. ఒక చీర మడతలోంచి జంతికల పొట్లం బయటపడింది.

"తిండి గేటు దాటకూడదని తెలీదా, పాట్టీ?" అంది, తమిళంలో అవ్వా అన్నట్టు.

"వారం రోజులు ఓడలో ఉంటాను తల్లీ."

"ఓడలో పెడతారు, పో." పొట్లం బల్ల కిందికి పోయింది.

సంచి మళ్ళీ సర్దారు. సన్యాసి పళ్ళు కొరుక్కుంటూ చూశాడు. కూర్మి అమ్మ పాపమ్మ చంటివాణ్ణి ఎత్తుకుని గేటు దగ్గరే ఆగిపోయింది. నూకమ్మ చంటివాడి అరికాళ్ళు రెండూ నిమిరింది. నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ నిమిరింది.

"అత్తా! బస్సు!"

మెయిన్ రోడ్డుకి రెండు మైళ్ళు. సన్యాసి కదిలేముందు ఇద్దరికీ చెప్పాడు. "రోడ్డు దిగకండి. పక్కన నేల లోపల కాలుతున్నాది. పైగా తోటలోకి దిగినోళ్ళని సిపాయి ఒక్కసారే పిలుస్తాడు. పలక్కపోతే కాలుస్తాడు. తెలిసిందా?"

ముందు సన్యాసి, సైకిల్ తోసుకుంటూ. తను ఎక్కడున్నాడో తెలియడానికి బెల్లు కొడుతూ నడిచాడు. ట్రింగ్, ట్రింగ్. వెనక నూకమ్మ, ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుని. ఆఖరున కూర్మి, సంచి భుజాన వేసుకుని. చెయ్యి పట్టుకోమని నూకమ్మ అంది. చిన్నపిల్లనా అని కూర్మి పట్టుకోలేదు.

పది అడుగులు.

"కూర్మీ, ఉన్నావా?"

"ఉన్నాను."

పది అడుగులు.

"కూర్మీ, ఉన్నావా?"

"ఉన్నాను!"

కళ్ళు మండుతున్నాయి. సంచి భుజం కోస్తోంది. నోరు తెరిచినప్పుడల్లా పొగ గొంతులోకి దిగుతోంది. ఇలా ఎన్నిసార్లు పలికిందో లెక్కలేదు.

అప్పుడు కూర్మికి ఒక సంగతి గుర్తొచ్చింది. అమ్మమ్మే కదా చెప్పింది? "సీకట్లో ఎవరైనా పిలిస్తే ఎంటనే పలక్కూడదు. దెయ్యం రెండుసార్లే పిలుస్తాది. మూడోసారి పిలిస్తే మనిషి. అప్పుడు పలుకు." ఈ పొగలో పగలైతే ఏం, చీకటైతే ఏం? సరే. ఇకనుంచి మూడోసారికే పలుకుతాను. ఎవరైనా అడిగితే అమ్మమ్మ మాటే వింటున్నానని చెప్తాను.

ఆ ఆలోచన దానికి చాలా నచ్చింది.

"కూర్మీ, ఉన్నావా?"

కూర్మి పెదాలు బిగించింది.

"కూర్మీ! ఉన్నావా?" ఈసారి గొంతు వణికింది.

ఇంకొక్కటి, అనుకుంది కూర్మి. ఆగి నిలబడింది. మూడో పిలుపు కోసం చెవులు రిక్కించింది.

మూడో పిలుపు రాలేదు.

బెల్లు ఎక్కడో దూరంగా మోగింది. ఆ తరవాత అదీ వినబడలేదు. ఎదురుగా తెల్లటి పొగ. కూర్మి నాలుగడుగులు పరిగెత్తింది. చేతులు చాపి తడిమింది. ఎవరూ తగల్లేదు.

"అమ్మమ్మా!"

జవాబు లేదు.

"అమ్మమ్మా, ఉన్నావా?"

ఎడమవైపు ఎండుటాకులు గరగరమన్నాయి. ఎడమవైపు రోడ్డు లేదు. కూర్మిని వెతుక్కుంటూ వెనక్కి తిరిగిన నూకమ్మ దారి తప్పి తోటలోకి దిగిపోయింది.

అదే వైపు నుంచి తుపాకి బోల్టు లాగిన చప్పుడు వినిపించింది. తరవాత తమిళంలో ఒక గద్దింపు.

"యార్ అదు?"

ఎవరది అని. ఒక్కసారే.

కూర్మి ఎదురుచూసింది. అమ్మమ్మ పలకలేదు. ఎందుకు పలకదో కూర్మికి చటుక్కున తెలిసింది. మొదటి పిలుపుకి అమ్మమ్మ పలకదు. ఎప్పుడూ పలకదు.

సంచి కింద పడేసి, ఉన్న గొంతంతా పెట్టి తమిళంలో అరిచింది. "మా అమ్మమ్మ! కాల్చొద్దు! నేను కూర్మమ్మని, సన్యాసి కూతుర్ని! అక్కడుంది మా అమ్మమ్మ!"

చప్పుడు లేదు. కూర్మి మళ్ళీ అరిచింది. మళ్ళీ, మళ్ళీ. దగ్గొచ్చినా ఆపలేదు.

"ఏయ్, అరవకు. వింటున్నాను." పొగలోంచి మనిషొకడు బయటికి వచ్చాడు. వీరసామి, తోట కాపలాకి పెట్టిన స్పెషల్ కానిస్టేబుల్. ఒక చేత్తో తుపాకి, ఇంకో చేత్తో నూకమ్మ మోచెయ్యి. అతని ముఖం పాలిపోయి ఉంది.

"పాట్టీ, నోరు లేదా నీకు? వేలు ట్రిగ్గర్ మీద పెట్టేశాను. ఈ పిల్ల అరవకపోతే..."

నూకమ్మ ఎడమకాలి చెప్పు లేదు. బూడిద కదా అని అడుగేస్తే కింద నిప్పుంది. పాదం అంచు ఎర్రగా పొంగింది. వీరసామి తన సీసాలో నీళ్ళన్నీ ఆ కాలి మీద పోశాడు.

సైకిల్ అక్కడే రోడ్డు మీద పడేసి సన్యాసి పరిగెత్తుకొచ్చాడు. "ఎందుకు పలకలేదత్తా?"

"ఒక్కసారే కదా పిలిచినాడు," అంది నూకమ్మ.

"పట్టపగలు దెయ్యమేటి! తుపాకి పట్టుకున్న దెయ్యమేటి!" సన్యాసి తల పట్టుకున్నాడు. తరవాత కూతురివైపు తిరిగాడు. "మరి నువ్వు? నువ్వెందుకు పలకలేదు?"

కూర్మి అమ్మమ్మ కాలి వైపు చూసింది. చెప్దామనుకున్న జవాబు నోట్లోనే ఉండిపోయింది.

"ఇసుగొచ్చి," అంది.

సన్యాసి వెళ్ళి పడేసిన సైకిల్ తెచ్చాడు. అత్తని సైకిల్ మీద కూర్చోబెట్టి, రేకుపెట్టె నెత్తికెత్తుకున్నాడు. వీరసామి సైకిల్ పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా తోశాడు. వాళ్ళు చేరేసరికి బస్సు టైము దాటి ముప్పావుగంట.

బస్సూ రాలేదు. చాలాసేపటికి పొగలోంచి ఒక లాంతరు వచ్చింది. లాంతరు పట్టుకుని కండక్టర్ నడుస్తున్నాడు, అతని వెనక బస్సు పాకుతోంది.

"బంటింగ్ నుంచి నడిచే వస్తున్నాను," అన్నాడు కండక్టర్ చిరాగ్గా. "జీతం కండక్టర్‌ది, పని ఎద్దుది. ఎక్కండి, ఎక్కండి లా!"

రేవుకెళ్ళే దారిలో, క్లాంగ్ వైపు బస్సు అంగుళం అంగుళం కదిలింది. నూకమ్మ కాలికి తడి తువ్వాలు చుట్టి, ఆ కాలుని కూర్మి తన ఒళ్ళో పెట్టుకుంది.

"మీ పెద్దమ్మకి అప్పుడు నాలుగేళ్ళు," అంది నూకమ్మ, కిటికీలోంచి ఏమీ కనబడని బయటికి చూస్తూ. "తోటలకి కూలోళ్ళని పోగేసే కంగాణీ మమ్మల్ని తీసుకెళ్ళడానికి తెల్లారకుండానే వచ్చినాడు. పిల్లకి జొరం, ఓడ ఎక్కనివ్వరని మా అమ్మ దగ్గర వదిలేసినాను. గుమ్మం దాటుతుంటే లోపల లేచింది. 'అమ్మా, ఉన్నావా?' అన్నాది. పలక్కు, పలికితే కదల్లేవు అన్నాది మా అమ్మ."

"పలికినావా?"

"లేదు. రెండుసార్లు పిలిచినాది. మూడోసారి పిలిచినాదో లేదో తెల్దు. అప్పటికే ఊరు దాటేసినాను."

కూర్మి సంచిలోకి చూసింది. దారిలో పడేసినప్పుడు దులిపి మళ్ళీ సర్దింది తనే. పసుపుపచ్చ గౌను మీద బూడిద మరక పడింది. ఉమ్ముతో తడిపి ఆ మరకని మెల్లగా రుద్దింది. పూర్తిగా పోలేదు.

పోర్ట్ స్వెటెన్‌హామ్ చేరేసరికి ఒకటిన్నర. ఓడ నీళ్ళ మధ్యలో లంగరు వేసి ఉందన్నారు. కనబడలేదు, కూత మాత్రం వినబడింది. జనాన్ని లాంచీలో అక్కడికి చేరుస్తున్నారు. గుమాస్తా కాగితాలు చూశాడు, సంచి బోర్లించాడు. సర్దడం ఏడోసారి. కూర్మి అన్నీ ఏరి సర్ది, సంచి అమ్మమ్మ భుజానికి తగిలించింది.

"ఉగాదికి వచ్చేస్తాను," అంది నూకమ్మ. "జంతికలు ఎక్కువ తెస్తాను. అక్కడ గేటు లేదు."

లాంచీ కదిలింది. రెండు నిమిషాల్లో తెల్లచీర పొగలో కలిసిపోయింది. ఇంజను చప్పుడు మీదుగా గొంతు వచ్చింది.

"కూర్మీ, ఉన్నావా?"

"ఉన్నాను!"

జెట్టీ మీద జనం తిరిగి చూశారు. ఎవరో కుర్రాళ్ళు నవ్వారు.

"కూర్మీ, ఉన్నావా?"

"ఉన్నానమ్మమ్మా! ఇక్కడే ఉన్నాను!"

పిలుపు ప్రతిసారీ సన్నబడింది. పిలిచిన ప్రతిసారీ, మొదటిసారికే, కూర్మి పలికింది. తరవాత ఇంజను చప్పుడు కూడా ఆగిపోయింది. ఏ పిలుపూ రాలేదు. అయినా కూర్మి రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని పొగలోకి అరుస్తూనే ఉంది.

"ఉన్నాను! ఉన్నాను!"

"సాలు, పద," అన్నాడు సన్యాసి. "కర్ఫ్యూ ముందు గేటు దాటాలి. ఆవిడకి వినబడదు."

"వినబడితే? ఇంకొక్కసారి, నాన్నా."

సన్యాసి విసుక్కున్నాడు. కానీ ఆగాడు.

వాన పడడానికి ఇంకా పందొమ్మిది రోజులు పట్టింది. ఆ రోజుల్లో లైన్ల నుంచి బడికి పిల్లలు పొగలో వరసగా వెళ్ళేవారు. చిన్నపిల్లలు భయపడి దారంతా పిలుస్తుండేవారు. కూర్మి వరసలో ఆఖరున నడిచేది. ఎవరు పిలిచినా, ఎన్నిసార్లు పిలిచినా, వెక్కిరించడానికి పిలిచినా, మొదటి పిలుపుకే "ఉన్నాను" అనేది.

ఉగాది వచ్చింది. నూకమ్మ రాలేదు. 1956 ఫిబ్రవరి తొమ్మిదిన, టెక్కలి దగ్గర పల్లెలో, కూతురు బంగారమ్మ ఇంట్లో ఆమె చనిపోయింది.