మూడో పురుగు

అల్లవరంలో ఏసుపాదం మాస్టారి కొబ్బరితోటకి జీవరత్నం వచ్చేసరికి, మాస్టారి కూతురు దీనమ్మ దారికి అడ్డంగా నిలబడి ఉంది.

"మీ పురుగులు మా తోటలో వదలడానికి వీల్లేదండి."

అది 1982, జూన్ నెల. గొంగళిపురుగులు పట్టి కొబ్బరాకులు ఎండిపోతున్నాయి. ఆ గొంగళ్ళ మీద గుడ్లు పెట్టి చంపే చీమంత కందిరీగలని అమలాపురం లేబరేటరీలో పెంచి, తోటల్లో వదలడం జీవరత్నం ఉద్యోగం.

"ఇవి ఆకు ముట్టవండి," అన్నాడు ఓపిగ్గా.

"బీయస్సీ జువాలజీ చదివేనండి. ఆ మాత్రం తెలుసు. గొంగళి గూడు కట్టేక దాన్ని చంపే నల్ల కందిరీగలు మా తోటలో వాటంతటవే ఉండేవి. పక్కతోటలో మీరు మీవి వదిలేరు, మావి మాయమైపోయేయి."

జీవరత్నం నవ్వాడు. "మావి గొంగళి మీద బతుకుతాయి, మీవి గూట్లో బతుకుతాయి. అసలు ఎదురే పడవు. ఇంక తగువెక్కడిదండీ?"

"నవ్వింది చాలు. రండి."

తోటలోని ఇంటి అరుగు మీద, మూతులకి గుడ్డ కట్టిన హార్లిక్స్ సీసాలు వరసగా ఉన్నాయి. కొన్నింటిలో పక్కతోట నుంచి తెచ్చిన అతని కందిరీగల గూళ్ళు, కొన్నింటిలో ఆమె తోటలోని నల్లవాటివి. అన్నింటిలోంచీ ఒకటే రకం పురుగు బయటికొస్తోంది. ఆకుపచ్చగా, నూగుగింజంత.

"రెండు రకాల కందిరీగల్నీ తినేది ఇదేనండి. మీరు వేలకి వేలు వదిలేసరికి దీనికి పండగైంది. అక్కడ పెరిగి ఇక్కడ మా వాటి మీద పడింది."

అతను భూతద్దం తీసి వంగాడు. చూపిద్దామని ఆమె కూడా వంగింది. తలలు ఠక్కున తగిలాయి. అప్పుడే వాన మొదలైంది. ఇద్దరూ నుదుళ్ళు రుద్దుకుంటూ వానకేసి చూశారు, చాలా శ్రద్ధగా.

"మీరు చెప్పిందే నిజమండి," అన్నాడతను చివరికి. "కానీ నాది టెంపరరీ ఉద్యోగం. తప్పు చేసేనని రిపోర్టు రాస్తే..."

"అయితే రాయకండి." ఆమె గొంతు మెత్తబడింది.

"రాస్తానండి."

రాశాడు. ఆఫీసరు గంగాధరరావు మొదట మండిపడ్డాడు. తరవాత స్వయంగా వచ్చి గంటసేపు సీసాలు చూసి, ఆ చుట్టుపక్కల కందిరీగలు వదలడం ఆపించాడు. ఆకుపచ్చ పురుగుకి తిండి తగ్గింది. సంక్రాంతి దాటేసరికి నల్ల కందిరీగలు మళ్ళీ కనబడ్డాయి, చెట్లు కొత్తాకు వేశాయి. అదెలా జరుగుతోందో చూడాలని జీవరత్నం ప్రతి శనివారం వచ్చేవాడు. ఉద్యోగమూ నిలిచింది.

"అంతా బాగైపోయింది కదా. ఇంక రారేమో?" అంది దీనమ్మ ఒకరోజు, చెట్టుకేసి చూస్తూ.

"పురుగుల కోసమైతే రానక్కర్లేదండి."

"మరి?"

"మీకోసం రావచ్చా?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "నన్నడిగితే ఎలాగండి? నాన్నగారినడగండి."

"నాకు వినపడిందిలే అమ్మా," అన్నారు మాస్టారు లోపల్నించి వస్తూ. "బాబూ, తన తప్పు తనే కాయితం మీద పెట్టిన మనిషిని ఇన్నేళ్ళలో నేను చూళ్ళేదు. ఆదివారం గుళ్ళో ప్రార్థన అయ్యేక మీ అమ్మగారినీ నాన్నగారినీ తీసుకొస్తారా?"

జీవరత్నం నోరు తెరిచేలోపే, "ఆయ్!" అనేసింది దీనమ్మ.